60 దగ్గర వణుకు, 75 దాటితే మాయం: టైర్లు మార్చినా తగ్గని పాత లారీ

#1 పాతలారీ
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నాది 21 ఏళ్ల బండి. ఆరు చక్రాలు, ముందు రెండు, వెనక జంట టైర్లు. అన్నీ 10.00 ఆర్ 20 రేడియల్, ట్యూబు టైర్లే. కొని రెండేళ్లయింది, నేనే నడుపుతాను.

55 దాకా నున్నగా పోతుంది. 58–60 దగ్గర వణుకు మొదలవుతుంది. 65 దగ్గర సైడ్ అద్దంలో బొమ్మ మసకబారిపోతుంది. 75 దాటితే దాదాపు పోతుంది, కానీ ఈ బండిని ఆ స్పీడులో నడిపే ధైర్యం నాకు లేదు.

టైర్ల వల్లేనని ముందు రెండూ కొత్తవి వేయించాను. పాతవాటికి బయటి అంచు బాగా అరిగిపోయింది, అందుకని తప్పు వాటిదే అనుకున్నాను. బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాను. వణుకు చెక్కు చెదరలేదు. పైగా కొత్త టైర్లకు 4,000 కిలోమీటర్లకే బయటి అంచు తినేస్తోంది. ఇంకెన్ని టైర్లు మార్చాలో అర్థం కావడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

#2 రాత్రిబండి
బ్యాలెన్సింగ్ సరిగా చేసి ఉండరు. ఒక స్పీడులో వచ్చి ఇంకో స్పీడులో పోయే వణుకు నూటికి తొంభై సార్లు ముందు చక్రాలదే. మూడోసారి వేరే చోట చేయించండి.

#3 సగంలీటరు
21 ఏళ్ల బండి అంటున్నారు. అమ్మేయండి సార్. వణుకు కొన్నవాడి దగ్గరికి పోతుంది.

#4 గ్రీజుచేతులు
పై రెండు సలహాలూ కాసేపు పక్కన పెట్టు తమ్ముడూ. ముందు వీటికి జవాబు చెప్పు. ఒక్కటి కూడా వదలొద్దు.

వణుకు ఎక్కడ తెలుస్తోంది, స్టీరింగులోనా, సీటులోనా, కాళ్ల కింద ప్లేటులోనా? ఎలా ఉంటుంది, మనిషిని ఊపేసే ఊపా, పళ్లు జివ్వుమనే సన్నని వణుకా? బ్రేకు తొక్కితే పెరుగుతుందా? లోడుతో ఎక్కువా, ఖాళీగా ఎక్కువా? ఆ స్పీడులో క్లచ్ తొక్కితే పోతుందా, ఉంటుందా? ఎప్పుడు మొదలైంది? దానికి ముందు బండిలో ఏం విప్పి బిగించారు?

చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం.

#5 పాతలారీ
అన్నా, ఒక్కొక్కటే చెప్తాను.

కాళ్ల కింద ప్లేటులో, సీటులో ఎక్కువ. స్టీరింగులో కొంచెం ఉంది కానీ అది వేరేలా ఉంటుంది, మెల్లగా కుడి ఎడమలకు ఆడుతున్నట్టు. ప్లేటులోది మాత్రం మీరన్నట్టు జివ్వుమనే వణుకే. బ్రేకుతో సంబంధం లేదు. ఖాళీగా ఉంటే ఎక్కువ, లోడు ఎక్కితే తగ్గుతుంది. క్లచ్ సంగతి ఎప్పుడూ చూడలేదు, రేపు చూస్తాను. మొదలై నాలుగైదు నెలలైంది. ముందు ఏమీ విప్పలేదు, మామూలుగా ఆయిలు, గ్రీజు పనులే.

#6 గ్రీజుచేతులు
"స్టీరింగులోది వేరేలా ఉంటుంది" అన్నావు చూడు, అది మంచి మాట. నీ బండికి ఒక జబ్బు కాదు, రెండున్నాయని నా అనుమానం. రెండూ కలిపి ఒకటే అనుకుంటే ఎన్ని టైర్లు మార్చినా దొరకదు.

క్లచ్ పరీక్ష ఇలా చెయ్యి. ముందూ వెనకా బండ్లు లేని, పల్లం లేని తిన్నని రోడ్డు చూసుకో. బండిని 68 దాకా తీసుకెళ్లి, క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వెయ్యి. ఇంజిన్ ఆపొద్దు, ఆపితే పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేకుకి గాలి ఎక్కించే కంప్రెసరూ ఆగిపోతుంది. స్పీడు దానంతట అదే 65, 60, 55కి పడుతుంటే వణుకు ఉందా లేదా చూడు. పోయిందంటే ఇంజిన్, క్లచ్, మౌంటింగ్ రబ్బర్ల వైపు వెళ్దాం. అలాగే ఉందంటే తిరుగుతున్నది ఏదో తప్పుగా తిరుగుతోంది: చక్రం, హబ్, డ్రమ్ము, లేదా కింద గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్.

తర్వాత బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో, 65 దగ్గర ఉండే ఆర్‌పీఎం దాకా రేజ్ చెయ్యి. అప్పుడు వణుకు రాకపోతే ఇంజిన్ మీద అనుమానం ఇంకా తగ్గుతుంది.

#7 టైర్‌డాక్టర్
టైర్ల సంగతి నేను చూస్తాను. పాతలారీ గారూ, కొత్త టైరు మీద అరచేయి ఆడించి చెప్పండి. బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి. రెండు వైపులా ఒకేలా నున్నగా ఉందా, ఒక వైపు పోతుంటే గీరుకుంటోందా?

కళ్లకు కనిపించనిది అరచేతికి తెలుస్తుంది. అరుగుదల ఒక్కో రకానికి ఒక్కో కథ ఉంటుంది. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. అక్కడక్కడా గిన్నెలు తోడినట్టు గుంటలు పడితే షాక్ అబ్జార్బరో, బేరింగ్ వదులో, బ్యాలెన్స్ లేకపోవడమో. ఒక్కచోటే పలక పడితే బ్రేకు పట్టేసి చక్రం జారిందన్నమాట. మీరు చెప్పింది బయటి అంచు, అదీ రెండు చక్రాలకూ. అది దాదాపుగా టో తేడా, అంటే ముందు చక్రాలు రెండూ సమాంతరంగా నిలబడకపోవడం. చేతితో చూసి చెప్తే ఖాయం చేద్దాం.

పక్క గోడ మీద నాలుగంకెల తయారీ కోడ్ కూడా చూడండి. 2316 అంటే 2016లో 23వ వారం. మూడే అంకెలుంటే 2000కు ముందు టైరు, దాని గురించి మాట్లాడే పని కూడా లేదు.

#8 కొత్తక్లీనర్
నేను ఈ పనికి కొత్త. తెలియక అడుగుతున్నాను, ఏమనుకోవద్దు. అంచు అరిగితే బండి వణకదా? రెండూ వేరు అంటున్నారు కదా, ఎలా?

#9 టైర్‌డాక్టర్
మంచి ప్రశ్నే. చుట్టూరా ఒకే లోతున అంచు అరిగిన టైరు గుండ్రంగానే ఉంటుంది. గుండ్రంగా ఉన్నది వణకదు, త్వరగా చచ్చిపోతుంది అంతే. వణకాలంటే చుట్టుకొలతలో ఒకచోట ఎత్తో, పల్లమో, బరువో ఉండాలి. లోపల పట్టీలు విడిపోయి బుడిపె వచ్చిన టైరు ఊపేస్తుంది, అది పగిలే టైరు కూడా. కాబట్టి అరుగుదల చూసి వణుకు కారణం చెప్పేయకూడదు.

#10 రాత్రిబండి
నాకొకసారి ఇంకో తమాషా అయింది. పంక్చర్ పడకుండా ఉంటుందని టైరులో ద్రావకం పోయించాను. బండి ఆగి ఉన్నప్పుడు అదంతా కిందికి చేరి గడ్డకట్టినట్టయింది. పొద్దున బయలుదేరితే పది కిలోమీటర్లు గుర్రం మీద పోతున్నట్టుండేది. టైరు విప్పేదాకా ఎవరికీ అంతుపట్టలేదు.

#11 లెక్కలపిచ్చి
ఊహలెందుకు, కొలుద్దాం. ఫోనులో కంపనాలు కొలిచే యాప్‌లు దొరుకుతాయి. సెకనుకు ఎన్నిసార్లు వణుకుతోందో చూపిస్తాయి. ఆ ఒక్క అంకె తెలిస్తే దొంగ ఎవరో సగం తెలిసినట్టే, ఎందుకంటే బండిలో ఒక్కో భాగం ఒక్కో వేగంతో తిరుగుతుంది.

10.00 ఆర్ 20 టైరు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 3.2 మీటర్లు పోతుంది. 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 16.7 మీటర్లు. భాగిస్తే చక్రం సెకనుకు 5.2 చుట్లు తిరుగుతోంది. టైరు, రిమ్, హబ్, డ్రమ్ము, ఏది తప్పయినా వణుకు ప్రధానంగా 5 దగ్గర కనబడాలి. అది మనిషికి ఊపులా తెలుస్తుంది, జివ్వుమనదు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ దీనికి కొన్ని రెట్లు వేగంగా తిరుగుతుంది. ఎన్ని రెట్లో వెనక ఇరుసులోని క్రౌన్, పినియన్ అనే రెండు పళ్ల చక్రాలను బట్టి ఉంటుంది. మీ బండిలో వాటికి ఎన్నెన్ని పళ్లు?

#12 పాతలారీ
పుస్తకంలో 37, 6 అని ఉంది.

#13 లెక్కలపిచ్చి
37ని 6తో భాగిస్తే 6.17 రెట్లు. 5.2ని 6.17తో గుణిస్తే 32. కాబట్టి 60 దగ్గర:
5 వస్తే చక్రం వైపు.
32 వస్తే షాఫ్ట్ బరువు తేడా, వంకర, లేదా ఊడిపోయిన బ్యాలెన్స్ ముక్క.
64 వస్తే షాఫ్ట్ జాయింట్లు. క్రాస్ (ప్లస్ ఆకారపు ముక్క) ఉన్న జాయింటు వంపులో తిరిగితే ఒక చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది, అందుకే రెట్టింపు.

ఒక మెలిక ఉంది. మీ టాప్ గేరు నేరుగా ఒకటికి ఒకటి అయితే ఇంజిన్, షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి. అప్పుడు 32 చూసి షాఫ్ట్ అనాలో ఇంజిన్ అనాలో తెలియదు. అందుకే గ్రీజుచేతులు గారు చెప్పిన న్యూట్రల్ పరీక్షలోనే ఫోను పెట్టండి. ఇంకోటి: కొన్ని ఫోన్లు సెకనుకు 100 సార్లే కొలుస్తాయి. అలాంటివి 50కి పైన ఏదీ సరిగా చూపించవు. యాప్‌లో 200 లేదా ఆపైన ఉందో లేదో చూసుకోండి.

ఫోను చేత్తో పట్టుకోవద్దు. సీటు రైలుకు గట్టిగా కట్టండి. చూసే పని పక్కన కూర్చున్నవారికి ఇవ్వండి.

#14 రాత్రిబండి
ముప్పై ఏళ్ల నుంచి ఫోను లేకుండానే కనిపెడుతున్నాం సార్.

#15 లెక్కలపిచ్చి
కనిపెట్టారు, కాదనను. రెండో పోస్టులో మూడోసారి బ్యాలెన్సింగ్ చేయించమన్నదీ మీరే కదా :)

#16 పాతలారీ
చూశాను. న్యూట్రల్‌లో కూడా వణుకు అలాగే ఉంది. 65 నుంచి 58 దాకా ఉండి తర్వాత పోయింది. నిలబెట్టి రేజ్ చేస్తే ఏమీ లేదు. అంటే ఇంజిన్ కాదు.

మా తమ్ముడు ఫోను చూశాడు. 60 దగ్గర పెద్ద గీత 63కీ 65కీ మధ్య నిలబడింది. 5 దగ్గర ఇంకో చిన్న గీత ఉంది. 32 దగ్గర ఏమీ లేదనే చెప్పాలి.

టైరు: బయటి నుంచి లోపలికి చెయ్యి ఆడిస్తే నున్నగా ఉంది. లోపలి నుంచి బయటికి వస్తే రంపం మీద పెట్టినట్టు గీరుకుంటోంది. రెండు వైపులా అదే.

#17 లెక్కలపిచ్చి
64! ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు. 5 దగ్గర చిన్న గీత మీ స్టీరింగ్ ఆట. గ్రీజుచేతులు గారు రెండు జబ్బులన్నారు, రెండు గీతలు వచ్చాయి.

#18 గ్రీజుచేతులు
ఇప్పుడు కిందికి దూరాలి. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని దూరు. షాఫ్ట్‌ను రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పు, పైకి కిందికి లేపు. క్రాస్ దగ్గర టక్కుమన్నా, కప్పుల చుట్టూ ఎర్ర తుప్పు పొడి కనబడినా ఆ క్రాస్ అయిపోయినట్టే. సెంటర్ బేరింగ్ రబ్బరు చీలిందేమో చూడు. షాఫ్ట్ మీద అతికించిన ఇనుప ముక్క ఊడిన గుర్తు, ఏదైనా తగిలి సొట్ట, ఇవి కూడా.

వీటన్నిటికన్నా ముందు స్లీవ్ దగ్గర, అంటే షాఫ్ట్ జారే పళ్ల దగ్గర, మట్టి తుడిచి చూడు. రెండు ముక్కల మీదా బాణం గుర్తులుంటాయి. అవి ఎదురెదురుగా ఉన్నాయా?

#19 సగంలీటరు
ఇంత శ్రమెందుకు. వెనక ఇరుసు జాకీ మీద లేపి, గేరులో వేసి, 60లో తిప్పి, కింద నుంచి చూస్తే ఎక్కడ వణుకుతోందో కనబడుతుంది.

#20 గ్రీజుచేతులు
దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. జాకీ మీద ఉన్న బండిని గేరులో తిప్పడం, తిరిగే షాఫ్ట్ కింద తల పెట్టడం, రెండూ చావుతో ఆటలే. ఇరుసు కొంచెం జారి ఒక టైరు నేల తాకితే బండి ముందుకు దూకుతుంది. స్టాండ్ల మీద కూడా వద్దు. వేలాడే ఇరుసుతో షాఫ్ట్ వంపు మారిపోతుంది, రోడ్డు మీద లేని వణుకు అక్కడ వస్తుంది, నీకు తప్పు జవాబు దొరుకుతుంది. ప్రమాదానికి ప్రమాదం, ప్రయోజనమూ సున్నా.

#21 పాతలారీ
అన్నా, బాణాలు ఎదురెదురుగా లేవు. ఒకటి పైకి ఉంటే ఇంకోటి దాదాపు పక్కకు తిరిగి ఉంది. వెనక క్రాస్‌లో కొంచెం ఆట (వదులు) కూడా ఉంది.

ఇంకో మాట చెప్పాలి, తిట్టొద్దు. ఐదు నెలల కిందట క్లచ్ ప్లేటు మార్పించాను. అది క్లచ్ పని, దీనికి సంబంధం లేదనుకున్నాను.

#22 గ్రీజుచేతులు
క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. గేర్‌బాక్స్ దించాలంటే షాఫ్ట్ విప్పాలి. "ముందు ఏమీ విప్పలేదు" అని నాలుగు రోజుల కింద నువ్వే రాశావు తమ్ముడూ. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే నేరుగా షాఫ్ట్ కిందికే వెళ్లేవాళ్లం.

సరే, తిట్టొద్దన్నావు, తిట్టను.

జరిగింది ఇది. షాఫ్ట్ విప్పేటప్పుడు స్లీవ్ జారి ఊడింది. మళ్లీ దూర్చేటప్పుడు బాణాలు చూడలేదు, పళ్లు ఎక్కడ పట్టుకుంటే అక్కడ నెట్టేశారు. షాఫ్ట్‌కు రెండు చివర్ల క్రాస్‌లు ఒకే వరుసలో ఉండాలి. అప్పుడు ముందు క్రాస్ చేసే వేగం తేడాను వెనక క్రాస్ రద్దు చేస్తుంది. వరుస తప్పితే రద్దు కావడం మానేసి, వణుకు పుడుతుంది. ఖాళీ బండిలో కమాన్ పట్టీలు లేచి షాఫ్ట్ వంపు ఎక్కువగా ఉంటుంది, అందుకే నీకు ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ. 75 దాటితే తగ్గడం ఛాసిస్ లక్షణం, ఒక్కో ఇనుముకు ఒక్కో వేగంలో మోగే అలవాటు ఉంటుంది. వణుకు పోయిందని కాదు, వినిపించడం మానేసింది. జాయింట్లు అరుగుతూనే ఉంటాయి.

విప్పే ముందు చాకుతోనో సుద్దతోనో నీ సొంత గుర్తు కూడా పెట్టుకో. విప్పిన షాఫ్ట్‌ను ఒక చివర వేలాడనివ్వొద్దు, క్రాస్ పాడవుతుంది. అసలు గుర్తులకు కలిపి బిగించు, వెనక క్రాస్ కొత్తది వెయ్యి. గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు కప్పుల్లోంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టు. ఒక్క కప్పులోంచి రాకపోయినా అది లోపల ఎండిపోయి ఉందని అర్థం.

#23 టైర్‌డాక్టర్
షాఫ్ట్ మీకు, టైరు నాకు. బయటి నుంచి లోపలికి నున్నగా, లోపలి నుంచి బయటికి గరుకుగా ఉందంటే టో ఇన్ ఎక్కువ. రెండు ముందు చక్రాలూ ముందు వైపు ఒకదాని వైపు ఒకటి చూస్తున్నాయి. రోడ్డు మీద టైరు తిరగడమే కాకుండా పక్కకు ఈడ్చుకుపోతోంది.

ముందు టై రాడ్ ఎండ్లు, అంటే రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ చివరి కీళ్లు, చూడండి. బండి నేల మీదే ఉంచి ఒకరు స్టీరింగు కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే, ఇంకొకరు ఎండ్ మీద చెయ్యి పెట్టాలి. లోపల కదలిక చేతికి తెలుస్తుంది. తర్వాత చక్రం లేపి, స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట కనబడితే ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఆట పోతే బేరింగ్, ఉంటే కింగ్ పిన్, అంటే ముందు చక్రం కుడి ఎడమలకు తిరగడానికి ఇరుసు చివర ఉండే పిన్ను. ఇవి సరిచేయకుండా అలైన్‌మెంట్ చేయిస్తే అది బయటికి వచ్చేసరికే తప్పిపోతుంది.

టో ఇంట్లోనే కొలవచ్చు. చక్రం లేపి తిప్పుతూ టైరు మధ్యన సుద్ద పూసి, కదలని మేకుతో సన్నని గీత గీయండి. దించి, బండిని రెండు మీటర్లు ముందుకు తోయండి. ఇరుసు ఎత్తులో ముందువైపు గీతల మధ్య దూరం, వెనకవైపు దూరం కొలవండి. తేడాయే టో. ఎంత ఉండాలో మీ బండి పుస్తకం చెప్తుంది. రేడియల్ టైర్లకు సాధారణంగా చాలా చిన్న అంకె.

#24 కొత్తక్లీనర్
వెనక జంట టైర్ల సంగతి ఎవరూ అనలేదు. లోపలి టైరులో గాలి చూడడం కష్టమని మా దగ్గర కర్రతో కొట్టి చూస్తారు. అది చాలా?

#25 టైర్‌డాక్టర్
చాలదు. కర్రకు పూర్తిగా గాలి పోయిన టైరే తెలుస్తుంది. 30 పీఎస్ఐ తగ్గినది బాగానే మోగుతుంది. గేజీతోనే చూడాలి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. వేడి మీద పెరిగిన గాలిని తీయకూడదు.

జంటలో రెండు టైర్లూ ఒకే ఇరుసుకు కట్టేసి ఉంటాయి, ఒకే సంఖ్యలో చుట్లు తిరగాలి. ఒకటి అరిగి వ్యాసం 12 మిల్లీమీటర్లు తక్కువ ఉందనుకుందాం. చుట్టుకొలత 38 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కిలోమీటరుకు 312 చుట్లు. దాదాపు 12 మీటర్లు లెక్క కలవదు, ఆ తేడా రోడ్డు మీద రాసుకోవాల్సిందే. పెద్దది బరువంతా మోసి వేడెక్కుతుంది, చిన్నది ఈడ్చుకుపోయి అరుగుతుంది. అందుకే ఈ సైజులో జంట మధ్య వ్యాసం తేడా 12 మిల్లీమీటర్లు దాటనివ్వొద్దంటారు. రేడియల్ పక్కన నైలాన్ టైరు (రేడియల్ కాని పాత రకం) అసలే కట్టొద్దు.

పాతలారీ గారూ, మీవీ చూడండి. రెండు టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో కూడా.

#26 పాతలారీ
షాఫ్ట్ బిగించాము, క్రాస్ మార్చాము. బండి ఎక్కి 60 దాటాక ఏదో మర్చిపోయినట్టు అనిపించింది. ప్లేటు కదలడం లేదు! 65, 70, ఏమీ లేదు. ఫోనులో 64 గీత నేలకు అంటుకుపోయింది.

5 దగ్గర గీత అలాగే ఉంది, స్టీరింగు మెల్లగా ఆడుతూనే ఉంది.

ఎడమ టై రాడ్ ఎండ్‌లో ఆట ఉంది. కింగ్ పిన్, బేరింగ్ బాగున్నాయి. టో 11 మిల్లీమీటర్లు లోపలికి వచ్చింది. పుస్తకంలో 0 నుంచి 2 అని ఉంది. వెనక ఎడమ లోపలి టైరులో గాలి 35 పీఎస్ఐ తక్కువ. కర్రతో కొడితే బాగానే మోగింది :(

#27 లెక్కలపిచ్చి
11 మిల్లీమీటర్లంటే రెండు చక్రాలకూ కలిపి. టైరు వ్యాసం 1,050 దగ్గర, కాబట్టి ఒక్కో చక్రం ప్రతి కిలోమీటరుకు 5 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతున్నట్టు. మీ 4,000 కిలోమీటర్లకు 20 కిలోమీటర్ల గీకుడు. టైరు అరిగిందని ఆశ్చర్యపోవక్కర్లేదు, ఇంకా మిగిలి ఉన్నందుకు ఆశ్చర్యపోవాలి.

#28 రాత్రిబండి
సరే, షాఫ్ట్ విషయంలో నేను తప్పు. ఒప్పుకుంటున్నాను. కానీ స్టీరింగు ఆట ముందు చక్రాలదే, అది నేను వదలను. బ్యాలెన్స్ రెండుసార్లు చేశారంటున్నారు కాబట్టి టైరు గుండ్రంగా కూర్చుందో లేదో చూడండి. చక్రం లేపి, ఇటుక మీద మేకు పెట్టి, టైరుకు తగిలీ తగలనట్టు ఉంచి తిప్పండి. ఒకచోట గీరి ఒకచోట సందు వస్తే టైరు గుడ్డులా తిరుగుతోందన్నమాట. గుడ్డును ఎంత బ్యాలెన్స్ చేసినా గుడ్డే.

#29 పాతలారీ
బాబాయ్, మీరన్నదే! కుడి ముందు టైరుకు సందు 4 మిల్లీమీటర్లు మారుతోంది. రిమ్ మేకుతో చూస్తే రిమ్ బాగానే ఉంది. టైరు పక్క గోడ మీద రిమ్ అంచు దగ్గర గుండ్రంగా ఒక సన్నని గీత ఉంటుంది కదా, అది ఒక వైపు రిమ్‌కు దగ్గరగా, ఎదురు వైపు దూరంగా ఉంది.

#30 టైర్‌డాక్టర్
టైరు రిమ్ మీద సరిగా కూర్చోలేదు. ఆ గీత ఉన్నది అందుకే, చుట్టూ ఒకే దూరంలో ఉండాలి. గాలి మొత్తం తీసి, అంచు వదులు చేసి, టైరు సబ్బు రాసి మళ్లీ కూర్చోబెట్టాలి.

ఒక్క మాట పెద్ద అక్షరాలతో రాయాల్సింది. మీది లాక్ రింగు, అంటే టైరును రిమ్ మీద పట్టి ఉంచే విడి ఇనుప రింగు, ఉన్న రిమ్. నట్లు విప్పకముందే వాల్వ్ పిన్ను తీసేసి గాలి పూర్తిగా ఖాళీ చేయండి. జంట టైర్లయితే రెండింటిలోనూ. తుప్పు పట్టిన, వంగిన రింగు మళ్లీ వాడొద్దు. గాలి నింపేటప్పుడు చక్రాన్ని ఇనుప బోనులోనే పెట్టాలి, పొడవాటి పైపుతో పక్కన నిలబడి నింపాలి. రింగు సరిగా కూర్చోలేదని గాలి ఉండగా సుత్తితో కొట్టేవాళ్లను చూశాను. ఆ రింగు ఎగిరితే ఎదురుగా ఉన్న మనిషి మిగలడు. బోను లేని చోట ఈ పని చేయించొద్దు, ఎంత తొందరున్నా సరే.

#31 కొత్తక్లీనర్
బోను ఎందుకో ఇప్పుడు అర్థమైంది. నేను ఇన్నాళ్లూ దాని మీద బట్టలు ఆరేస్తున్నాను.

#32 పాతలారీ
రెండు వారాలు రాయలేదు, తిరుగుడులో ఉన్నాను.

కుడి టైరు బోనులో మళ్లీ కూర్చోబెట్టించాను. ఇటుక మేకు పరీక్షలో తేడా 1 మిల్లీమీటరుకు వచ్చింది. టై రాడ్ ఎండ్లు రెండూ మార్చాము, టో 1 మిల్లీమీటరు పెట్టాము. వెనక లోపలి టైరు ట్యూబు వాల్వ్ దగ్గర కారుతోంది, ట్యూబుతో పాటు, దానికీ రిమ్‌కీ మధ్య ఉండే ఫ్లాపు రబ్బరు కూడా మార్చాము. జంట వ్యాసాలు కొలిచాను, తేడా 5 మిల్లీమీటర్లే.

ఇప్పటికి 2,600 కిలోమీటర్లు. స్టీరింగు రెండు వేళ్లతో పట్టుకోవచ్చు. టైరు మీద అరచేయి ఎటు ఆడించినా ఒకేలా ఉంది. తినేసిన అంచు ఎలాగూ తిరిగి రాదు, ఆ రెండు టైర్లనూ అటూ ఇటూ మార్చి వేశాను. అందరికీ చాలా థాంక్స్.

#33 సగంలీటరు
అమ్ముతారా? నేనే కొంటాను.

#34 గ్రీజుచేతులు
చక్రాలు విప్పి బిగించావు కదా. హబ్‌కు, రిమ్‌కు మధ్య తుప్పు, పెయింటు గీకేశారా? 50–100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ టార్క్ రెంచితో బిగించావా, ఎదురెదురు వరుసలో?

#35 పాతలారీ
గీకించాను అన్నా.

నట్లు... ఇప్పుడే రెంచి తీసుకుని వెళ్తున్నాను.

#36 పాతలారీ
వెనక ఎడమవైపు రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.